నీటికి జానెడు పైన ఉన్న గీత

హైదరాబాదులో సముద్రం లేదు. ఉన్న మూసీలో లాంచీ తిరిగేంత నీళ్లూ లేవు. అయినా నదుల మీద తిరిగే పడవలను ప్రభుత్వం తరఫున తనిఖీ చేసే ఇన్‌స్పెక్టరుగా నేను చేసిన ఉద్యోగంలో సగం తలనొప్పులు జూబ్లీహిల్స్ రోడ్ల మీదే మొదలయ్యాయి. ఎందుకంటే సినిమావాళ్లకు నది కావాలి. నది మీద లాంచీ కావాలి. ఆ లాంచీ మీద పాతిక ముప్పై మంది గంతులెయ్యాలి. దానికి అనుమతి కాగితం మీద సంతకం పెట్టేది నేను.

మా శాఖలో కొత్తగా చేరిన ఒక అమ్మాయి మొన్న మా ఇంటికి వచ్చింది. మేముండేది ఫిల్మ్‌నగర్ దిగువన, షూటింగు వ్యాన్లు మలుపు తిరగలేక హారన్లు కొట్టే సందులో. ఆ హారన్ల మధ్యే అడిగింది: "రూల్సన్నీ చదివేశాను సార్. ఇంకేం తెలుసుకోవాలి?"

రూల్సు బాగా చదివినవాళ్లే పెద్ద తప్పులు చేస్తారమ్మా, నన్ను చూడు అందామనుకున్నాను. మొదటిసారి ఇంటికొచ్చిన పిల్లను బెదరగొట్టడమెందుకని ఊరుకున్నాను. కాఫీ తాగి వెళ్లిపోయింది. ఆమెకు చెప్పకుండా మింగేసింది ఇప్పుడు రాస్తున్నాను. ప్రమోషన్లు, బదిలీలు, నా పెన్షన్ ఫైలు ఏ బల్ల మీద నిద్రపోయిందో, అవేవీ రాయను. అవి తలుచుకుంటే నాకే ఆవలింతలొస్తాయి.

చేసే పని

ఏడాదికోసారి ప్రతి లాంచీనీ ఒడ్డు మీదకు లాగించి అడుగు భాగం చూడాలి. రేకు మీద సుత్తితో కొట్టి చప్పుడు వినాలి. తుప్పు తినేసిన చోట చప్పుడు డొల్లగా వస్తుంది. ఇంజిను, చుక్కాని, లోపలికి వచ్చిన నీళ్లు తోడే పంపు, లైఫ్ జాకెట్లు, ఎంతమందిని ఎక్కించవచ్చో రాసిన బోర్డు, అన్నీ చూడాలి. అన్నిటికన్నా ముఖ్యం ఒక గీత. లాంచీకి రెండు పక్కలా తెల్ల రంగుతో అడ్డంగా గీస్తాం. బరువు ఎక్కేకొద్దీ లాంచీ నీళ్లలోకి దిగుతుంది కదా. నీళ్లు ఆ గీతను తాకాయంటే ఇక చాలు, ఇంకో మనిషిని కూడా ఎక్కించకూడదని అర్థం. చదువు రానివాళ్లకు కూడా తెలియాలని పెట్టిన గుర్తు అది.

ఈ పనిలో చెడ్డవాళ్లు ఎక్కువగా తగులుతారని అనుకోకండి. మంచివాళ్లతోనే చిక్కు. ఒక లాంచీ ఓనరును జాకెట్లు చూపించమంటే మురిసిపోతూ తీసుకెళ్లి ఒక గది చూపించాడు. తలుపుకు తాళం. "కొత్తవండి, ఒక్కటీ వాడలేదు, కవర్లు కూడా విప్పలేదు" అన్నాడు. తాళంచెవి ఏదయ్యా అంటే, "ఇంటి దగ్గర మా ఆవిడ కొంగుకుంటుందండి, ఎక్కడా పోదు" అన్నాడు. నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు. ఆయన దొంగ కాదు. జాకెట్లను ప్రాణంలా చూసుకుంటున్నాడు, ఎక్కే జనాన్ని మరిచిపోయాడు.

సినిమావాళ్లదీ అదే దారి. వాళ్లను తిట్టడానికి ఇది రాయడం లేదు. నేను చూసినవాళ్లలో వాళ్లంత ఒళ్లు వంచి పనిచేసేవాళ్లు తక్కువ. కాకపోతే వాళ్ల శ్రద్ధంతా తెర మీద ఏం కనిపిస్తుందన్న దాని మీదే ఉంటుంది.

నాకు పై అధికారి ఒకాయన ఉండేవారు. పుట్టింది, పెరిగింది, చదివింది అంతా హైదరాబాదే. ఆఫీసులో అందరం పెద్దసారు అనేవాళ్లం. మొదటిసారి నన్ను సినిమా షూటింగుకు పంపుతూ ఒకే ఒక్క సలహా ఇచ్చారు. "ఆడ నీకు కుర్సీ ఏస్తరు. కూసోకు. కూసున్నవంటే మళ్ల లేవబుద్ధి కాదు." అప్పుడు నవ్వుకున్నాను. ఆయన జోకులు అలాగే ఉంటాయనుకున్నాను.

రేవులో ఆ ఉదయం

ఉమ్మడి రాష్ట్రం రోజులవి. సినిమాలు ఇంకా రీళ్ల మీదే తీసేవారు. ఫిల్మ్‌నగర్‌లో ఆఫీసున్న ఒక కంపెనీ గోదావరి మీద పాట తీసుకుంటామని అనుమతి అడిగింది. కంపెనీ పేరుతో మనకు పని లేదు. పాటను రెండు విడతలుగా తీశారు. మొదటి విడతలో లాంచీ మీద హీరో, హీరోయిన్, పక్కన నలుగురైదుగురు, అంతే. నెల తర్వాత రెండో విడత. ఈసారి అదే లాంచీ మీద చెక్కతో పెద్ద మండపం కట్టారు. జనరేటరు ఎక్కించారు. కెమెరా పెట్టే క్రేను ఎక్కించారు. డ్యాన్సర్లే ముప్పై మంది. లాంచీని చూసి సంతకం పెట్టడానికి వెళ్లింది నేనే.

లాంచీ నడిపే మనిషిని గోదావరి మీద సరంగు అంటారు. ఆ లాంచీకి సరంగు సత్తియ్య. నాకన్నా పదేళ్లు పెద్ద. తండ్రి కూడా సరంగే. సంతకం గీయడం తప్ప చదువు రాదు. ప్రభుత్వం ఇచ్చిన సరంగు సర్టిఫికెట్టును ప్లాస్టిక్ కవరులో మడిచి చొక్కా లోపలి జేబులో పెట్టుకునేవాడు. నీళ్ల రంగు చూసి కింద ఇసుక ఎంత లోతున ఉందో చెప్పేవాడు. నేను లోతు కొలిచే కర్ర వేసి చూస్తే సరిగ్గా అంతే ఉండేది.

రేవుకి వెళ్లేసరికి ప్రొడక్షన్ మేనేజరు మూర్తిగారు ఎదురొచ్చారు. గుడివాడ వైపు మనిషి, మర్యాదలో ఆయన తర్వాతే ఎవరైనా.

"రండి సార్, రండి. ముందు టిఫిన్ కానివ్వండి. పెసరట్లు పొయ్యి మీదనుంచి దిగుతున్నాయి. పనిదేముంది, ఎక్కడికీ పారిపోదు కదండీ."

గొడుగు కింద కుర్చీ వేశారు. కూర్చున్నాను. హీరోగారు వచ్చి "మా ప్రాణాలన్నీ మీ చేతుల్లోనే ఉన్నాయి సార్" అని నవ్వుతూ చేయి కలిపారు. నాతో ఫొటో దిగారు. నా కళ్లు నెత్తికెక్కాయి. ఇప్పుడైతే ఒప్పుకుంటున్నాను గానీ, అప్పుడు ఎవరైనా అంటే కొట్టేవాణ్ణి.

పెసరట్టు తిని చిన్న నావ ఎక్కి లాంచీ చుట్టూ తిరిగాను. ఒడ్డు వైపంతా అరటి బోదెలు, బంతిపూల దండలు వేలాడదీశారు, గీత కనిపించే వీలే లేదు. నది వైపు మాత్రం స్పష్టంగా కనిపించింది. తెల్లగా మెరుస్తూ, నీటికి జానెడు పైన ఉంది. అప్పటికే మండపం, జనరేటరు, మనుషులు అందరూ లాంచీ మీదే ఉన్నారు. ఇంత బరువుతోనూ గీత జానెడు పైనే ఉంటే ఇక చూసేదేముంది అనుకున్నాను.

చూసేది ఉంది. డెక్కు అంచు నుంచి గీత దాకా టేపు పెట్టి కొలవాలి. లాంచీ కాగితాల్లో రాసిన కొలతతో సరిపోయిందో లేదో చూడాలి. రెండు నిమిషాల పని. టేపు నా సంచిలో ఉంది, సంచి కుర్చీ దగ్గర ఉంది. ఇంతలో మూర్తిగారు ఒడ్డు మీదనుంచి కేకేశారు: "సార్, లైటు పోతోందండీ!" ఎండ ముదిరితే ఆ వెలుతురు కెమెరాకు పనికిరాదట. నేను కొలవలేదు.

లాంచీ మీదకు ఎక్కగానే సత్తియ్య దగ్గరికొచ్చాడు. గొంతు తగ్గించి చెప్పాడు.

"బాబుగారూ, అంచుకి నీళ్లు దగ్గరైపోయాయండి. తిప్పుతుంటే మాట వినట్లేదండి..."

ఇంకా ఏదో చెప్పబోయాడు. చుట్టూ యూనిట్ వాళ్లున్నారు. హీరోగారు చూస్తున్నారు. నాకు చిరాకేసింది.

"గీత ఇప్పుడే చూసొచ్చాను సత్తియ్యా. జానెడు పైన ఉంది. నీ కంటికి తోచిందా లెక్క, గవర్నమెంటు గీసిందా? నడుపు" అన్నాను. అవసరమైనదానికన్నా గట్టిగానే అన్నాను. అతను చుక్కాని దగ్గరకు వెళ్లిపోయాడు. నేను దిగి ఒడ్డు మీద నా కుర్చీలో కూర్చున్నాను.

ఇసుక మేట

పాట మొదలైంది. లాంచీ నది నడిమికి వెళ్లింది. ఒక దరువు దగ్గర డ్యాన్సర్లందరూ ఒకే పక్కకు నాలుగడుగులు వేశారు. లాంచీ ఆ పక్కకు వంగింది. వంగినది లేవడానికి చాలా సేపు పట్టింది. డైరెక్టరు మైకులో "వన్ మోర్" అన్నాడు. రెండోసారి అదే అడుగు పడేసరికి అంచు మీదుగా నీళ్లు లోపలికి వచ్చాయి. లేచి నిలబడి అరిచాను, ఏమని అరిచానో నాకే తెలియదు. అంత దూరం వినిపించదు కూడా.

అప్పుడు లాంచీ ముక్కు తిరిగింది. ఇంజిను చప్పుడు ఒక్కసారిగా పెరిగింది. కొంత దూరంలో నీళ్ల కింద దాగున్న ఇసుక మేట మీదకు లాంచీ ఎక్కేసింది. మండపం ఫెళఫెళా కూలింది. క్రేను కెమెరాతో సహా నీళ్లలో పడింది. జనం కెవ్వుమంటూ దూకారు. దూకినవాళ్లు మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒకమ్మాయికి మణికట్టు విరిగింది, ఇంకో ఇద్దరికి దెబ్బలు తగిలాయి. ప్రాణాలు అందరివీ దక్కాయి.

ఒడ్డుకు చేరాక ఒకటే గోల. సరంగు తాగున్నాడు అన్నారెవరో. అది శుద్ధ అబద్ధం, సత్తియ్య తాగడు. "తాగలేదులెండి, కంగారుపడిపోయి మెరక ఎక్కించేశాడు" అన్నారు మూర్తిగారు. ఆ మాట నాకు నచ్చింది. ఎందుకు నచ్చిందో ఆ క్షణంలో ఆలోచించలేదు. విచారణ పూర్తయ్యేదాకా అని చెప్పి అక్కడికక్కడే సత్తియ్య సర్టిఫికెట్టు అడిగాను. జేబులోంచి కవరుతో సహా తీసి ఇచ్చాడు.

"తడవలేదండి" అన్నాడు.

సర్టిఫికెట్టు లేని సరంగు చుక్కాని ముట్టుకోకూడదు. రద్దయిందంటే ఆ వయసులో అతనికి ఇంకో పని తెలియదు. అంతకన్నా పెద్దది అతని పేరు. లాంచీని మెరక ఎక్కించినవాడని గోదావరి పొడుగునా చెప్పుకుంటారు.

విచారణ నాకే అప్పగించారు. పొద్దున సంతకం పెట్టినవాడే తర్వాత విచారణ చెయ్యడమేమిటని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. ఇప్పుడు ఉద్యోగంలో ఉన్నవాళ్లకు గట్టిగా చెబుతున్నాను. అలాంటి ఫైలు మీ చేతికొస్తే నాకొద్దని రాసిచ్చి తప్పుకోండి. నా చేతికిచ్చాక లాంచీని ఎలా ఉన్నదలా ఉంచమని చెప్పాలన్న ఇంగితం కూడా నాకు లేకపోయింది. వారం తిరక్కుండా ఓనరు సెట్టు విప్పించి, లాంచీ మొత్తానికి కొత్త రంగు వేయించేశాడు.

ఎడిటింగ్ గదిలో

సాక్ష్యాల కోసం ఫిల్మ్‌నగర్‌లోని ఆ కంపెనీ ఆఫీసుకు వెళ్లాను. బస్సు దిగి నిట్టనిలువు రోడ్డు ఎక్కేసరికి ఆయాసం వచ్చింది. మజ్జిగ ఇచ్చారు, ఏసీ వేశారు. ఒక్కొక్కరూ వచ్చి సరంగు కంగారుపడ్డాడని చెప్పారు. అందరివీ అవే మాటలు, అదే వరస. బట్టీ పట్టించారని తెలుస్తూనే ఉంది. అయినా రాసుకుంటుంటే నాకు హాయిగానే ఉంది.

చివరికి సుజాత వచ్చింది. కంటిన్యూటీ చూసుకునే అసిస్టెంటు డైరెక్టరు. ఒక షాటుకీ ఇంకో షాటుకీ మధ్య హీరోయిన్ బొట్టు మారకుండా, గ్లాసులో నీళ్లు తగ్గకుండా కనిపెట్టి చూసే పని ఆమెది. ముప్పై దాటిన మనిషి, టోలిచౌకిలో పుట్టి పెరిగింది. మాటకు మొహమాటం లేదు. లాంచీ మెరక ఎక్కేటప్పుడు పక్క పడవలో ఉన్న రెండో కెమెరా తీసిన బొమ్మ ఉందని తెలిసి, చూపించమన్నాను. సరంగు ఎంత కంగారుపడ్డాడో కళ్లారా చూసి రాసుకుందామని నా ఉద్దేశం.

ఎడిటింగ్ గదిలో చిన్న తెర మీద ముందుగా పాట ముక్కలు వేశారు. మొదటి విడతలో తీసిన ముక్క, వెంటనే రెండో విడతలో తీసిన ముక్క.

"ఒకటి మొదటి నెలది సార్, ఇంకోటి తర్వాతి నెలది. తేడా ఏమన్న ఉన్నదా చెప్పుండ్రి సూద్దాం" అంది సుజాత.

చూశాను. నాకేం తేడా కనిపించలేదు. అదే చెప్పాను. ఆమె ముఖం వెలిగిపోయింది.

"కనవడది సార్! నేను పడ్డ తిప్పలు గట్లున్నయి మరి. గా తెల్ల గీత సూసిండ్రా? ఫస్ట్ షెడ్యూల్ల నీళ్ల మీద జానెడు ఉండె. రెండో షెడ్యూల్ల సెట్టు ఎక్కిచ్చి, షూటింగుకు ముందురోజు రిహార్సల్‌కి అందర్ని నిలవెడితే గా గీత నీళ్లల్లకు పోయింది. కనవడనే లేదు. డైరెక్టర్ సార్ సూస్తే నన్ను సంపుతుండె. సరంగు అన్నానికి పోయిండు, గంతల పెయింటర్‌ని పిలిచి మళ్ల జానెడు పైన కొత్త గీత గీపిచ్చిన. ఎట్లున్నది? షాట్ల నడుమ జంపు లేదు కదా?"

ఫైలు తెరిచి ఫొటోలు కూడా చూపించింది. మొదటి విడత ఫొటో కింద ఆమె చేతిరాత ఉంది: గీత నీళ్ల మీద జానెడు, మారొద్దు.

అసలు గీత ఆ ఉదయం నీళ్ల కింద ఉంది. నేను నావ మీద నిలబడి తృప్తిగా చూసింది ముందురోజు పెయింటరు గీసిన బొమ్మను. టేపు పెట్టి ఉంటే కొలత తేడా వెంటనే తెలిసిపోయేది. సెట్టు విప్పాక లాంచీకి రెండు గీతలు కనిపించి ఉంటాయి. ఓనరు అంత తొందరగా రంగు వేయించింది అందుకే.

"అమ్మా, ఆ గీత ఎందుకుంటుందో తెలుసా నీకు?" అన్నాను.

"డిజైన్ కద సార్? బస్సులకు ఉంటయి సూడు, గట్ల." నా ముఖం చూసి ఆగిపోయింది. "ఎందుకుంటది?"

చెప్పాను. "అయ్యో దేవుడా. ముప్పై మంది పిల్లలు సార్. ముప్పై మందిని నేను..." అని పమిట నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తర్వాత కళ్లు తుడుచుకుని నా కాగితాలు నా ముందుకు జరిపింది.

"రాసుకోండ్రి సార్. నేనే గీపిచ్చిన అని రాసుకోండ్రి. నౌకరి పోతే పాయె."

ఆ ఆఫీసులో ఆ రోజు నిజం చెప్పింది ఆమె ఒక్కతే. ఆమె తప్పేమిటో నాకు ఇప్పటికీ సరిగ్గా తెలియదు. తన పని తాను నిలువెల్లా శ్రద్ధతో చేసింది. ఆ గీత అర్థమేమిటో ఆమెకు చెప్పవలసింది మేము. మాకూ సరంగులకూ తెలిస్తే చాలనుకున్నాం. దాని పక్కన నిలబడి పాట తీసేవాళ్లకు చెప్పాలని ఇన్నేళ్లలో మా శాఖలో ఒక్కడికీ తోచలేదు, నాతో సహా.

ఎవరి తప్పూ లేదు

పెద్దసారు అంతా విన్నారు. కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"నువ్వు గీత కొలిస్తివా?"

"లేదు సార్."

"మరి ఏందయ్యా? గిదంతా రాస్తే ఫస్ట్ నీ మెడకే చుట్టుకుంటది. ఆ పిల్ల నౌకరి పోతది. ప్రమాదవశాత్తు మెరక ఎక్కింది, ఎవరి తప్పు లేదు అని రాయి. సరంగు కాయితం సరంగుకిచ్చెయ్. అందరు సల్లగుంటరు."

ఆయన చెడ్డవారు కాదు. ఆ మాటలో దయే ఉంది. నాకైతే ప్రాణం లేచొచ్చింది. సత్తియ్య విచారణ కోసం హైదరాబాదు వచ్చి రహమత్ నగర్‌లో మేనల్లుడి గదిలో దిగాడు. మేనల్లుడు సినిమా సెట్లకు చెక్కపని చేస్తాడు. శుభవార్త చెబుదామని అదే మధ్యాహ్నం ఆ ఇరుకు మెట్లెక్కి వెళ్లాను. సర్టిఫికెట్టు తిరిగొచ్చేస్తుంది, ప్రమాదమని రాస్తున్నాం అని చెప్పాను. సంతోషిస్తాడనుకున్నాను.

"ప్రమాదమేటండి?" అన్నాడు. "నేనే ఎక్కించానండి. మెరక ఎక్కడుందో ఎరిగుండి, సూసి మరీ ఎక్కించాను. నీళ్లు లోపలికొచ్చేత్తున్నాయి. ఇంకో నిమిసం ఆగితే అంతా మునిగిపోదుం. ప్రమాదమని రాత్తే నాకు తిప్పడం సేతకాదని కదండీ?"

"సర్టిఫికెట్టు వస్తుంది కదా సత్తియ్యా."

"వత్తాదండి. వచ్చి ఏం లాభం? కంగారుపడి మెరక ఎక్కించేశాడన్నాక నా లాంచీ ఎవడెక్కుతాడండి? రోజూ అవతలొడ్డుకి బడికెళ్లే పిల్లల్ని ఎవరంపుతారు నాతోటి?"

మెట్లు దిగి, కింద ఇరానీ హోటల్లో కూర్చుని రెండు చాయ్‌లు తాగాను. అతను అడుగుతున్నది ఒక్కటే. తను చేసింది తను చేసినట్టు రాయమంటున్నాడు. అది రాయాలంటే లాంచీ మునగబోయిందని రాయాలి. ఎందుకు మునగబోయిందో రాయాలి. గీత సంగతి రాయాలి. గీత రాస్తే నేను వస్తాను. ఇంటికి వెళ్లి మా ఆవిడతో చెప్పాను. ఆమె స్కూల్లో లెక్కలు చెప్పేది. "కొలవనిది కొలవలేదని రాయడానికి ఇంత ఆలోచన ఎందుకండీ" అని పేపర్లు దిద్దుకోవడం మొదలుపెట్టింది. ఆమె అలాగే మాట్లాడుతుంది.

రెండు రోజులు కూర్చుని రాశాను. గీత మారిన సంగతి, సుజాత తనంతట తాను చెప్పిన సంగతి, సరంగు తెలిసే మెరక ఎక్కించి అందరినీ కాపాడిన సంగతి, ఇన్‌స్పెక్టరు కొలత తీసుకోని సంగతి, అన్నీ రాశాను.

దాని ఫలితం ముందే చెప్పేస్తాను. సత్తియ్య సర్టిఫికెట్టు అతనికి తిరిగి వెళ్లింది. నాకు మందలింపు వచ్చింది, ఒక ఇంక్రిమెంటు ఆగింది. పెద్దసారు నాతో నెలరోజులు సరిగ్గా మాట్లాడలేదు, తర్వాత మామూలుగానే ఉన్నారు. సుజాతను కంపెనీ తీసెయ్యలేదు. తర్వాత ఆమె ఏ సినిమాకు పనిచేసినా నీళ్ల మీద షూటింగు ఉంటే ముందు నాకు ఫోను చేసేది: "సార్, గీత ముట్టం. ఫికర్ చెయ్యకుండ్రి." నేను చూసే లాంచీలన్నిటి మీదా గీత పక్కన పెద్ద అక్షరాలతో "ఇది మునిగితే ఎక్కవద్దు" అని రాయించడం మొదలుపెట్టాను. రూల్సు పుస్తకంలో ఆ మాట లేదు. అయినా ఎవరూ వద్దనలేదు.

కాబట్టి కొత్తగా చేరినవాళ్లు టేపు మరిచిపోకండి, కుర్చీలో కూర్చోకండి అని చెప్పి చేతులు దులుపుకోవచ్చు. కానీ ఆ రిపోర్టు పంపేముందు జరిగిన సంగతి ఒకటి మిగిలి ఉంది. అది చెప్పలేకే ఇంతసేపు నీళ్లు నమిలాను.

సత్తియ్య మాట

రిపోర్టు రాశాక, పంపేముందు అతనికి చదివి వినిపించాలనిపించింది. అతని బతుకు గురించి రాసింది అతనికే తెలియకపోతే ఎలా? నిజం చెప్పాలంటే కొంత గర్వం కూడా ఉంది. నా తప్పు నేనే రాసుకున్నాను చూడు అని చూపించుకోవాలని ఉంది.

మళ్లీ రహమత్ నగర్ వెళ్లాను. మేనల్లుడు పనికి వెళ్లాడు. సత్తియ్య గోడకు ఆనుకుని కళ్లు మూసుకుని విన్నాడు. "సరంగు అనుభవంతో, తెలిసే లాంచీని ఇసుక మేట మీదకు ఎక్కించి అందరి ప్రాణాలు కాపాడాడు" అన్న చోట చెయ్యెత్తాడు.

"అది మళ్లీ సదవండి."

మళ్లీ చదివాను. తల ఊపాడు. తర్వాత నా గురించి రాసింది చదివాను. ఇన్‌స్పెక్టరు తొందరలో గీత కొలత తీసుకోలేదని. చదవడం అయిపోయింది. మెచ్చుకుంటాడని ఎదురుచూశాను. అతను కళ్లు తెరిచి, కోపం ఏమీ లేకుండా అడిగాడు.

"నేను సెప్పాను కదండీ ఆ పొద్దుట? అది రాయలేదేటండి?"

రాయలేదు. మరిచిపోయి కాదు. రెండు రోజులు రాస్తున్నంతసేపూ ఆ మాట నా కలం చివరిదాకా వచ్చింది, నేను పక్కకు తోసేశాను. కొలవకపోవడం అజాగ్రత్త. అందుకు మందలించి వదిలేస్తారు. నీళ్లు తెలిసిన మనిషి దగ్గరికొచ్చి చెబితే, నలుగురి ముందూ నోరు మూయించి నది మీదకు పంపడం వేరు. దాన్ని ఏమంటారో నాకు తెలుసు. చిన్న తప్పు ఒప్పుకుని పెద్ద తప్పు దాచుకుందామనుకున్నాను. దాచుకుని, మంచివాణ్ణి అనిపించుకుందామని మెట్లెక్కి వచ్చాను. సిగ్గుతో నాకు తల కొట్టేసినట్టయింది.

"నువ్వేమన్నావో చెప్పు సత్తియ్యా. నీ మాటలే రాస్తాను" అన్నాను.

మేనల్లుడి రేకు పెట్టె మీద కాగితం పెట్టుకున్నాను. అతను ఆలోచించుకుని ఒక్కో మాటే చెప్పాడు.

"అంచుకి నీళ్లు దగ్గరైపోయాయండి. తిప్పుతుంటే మాట వినట్లేదండి. సగం మందిని దింపెయ్యండి, రెండు ట్రిప్పులేద్దారి."

రాస్తున్నవాణ్ణి ఆగిపోయాను. చివరి మాట నేనెప్పుడూ వినలేదు.

"ఇది కూడా అన్నావా?"

"అనబోయానండి. తవరు నడుపు అన్నారు."

రెండు ట్రిప్పులు. మహా అయితే ఒక గంట ఆలస్యం అయ్యేది. పాట పూర్తయ్యేది, ఆ అమ్మాయి మణికట్టు బాగుండేది, ఈ మనిషి సర్టిఫికెట్టు అతని జేబులోనే ఉండేది. అతను పరిష్కారం కూడా వెంట తెచ్చుకుని నా దగ్గరికొచ్చాడు. ఆ మాట పూర్తి చెయ్యడానికి ఎంతసేపు పట్టేది! అతని మాటలన్నీ రాశాను. దాని కింద, సరంగు చెప్పబోగా ఇన్‌స్పెక్టరు విననందున ప్రమాదం వచ్చిందని రాసి సంతకం పెట్టాను.

"సదవండి" అన్నాడు.

చదివాను. అతను చివరిదాకా విన్నాడు.

"ఆయ్" అన్నాడు. "ఇప్పుడు పంపించెయ్యండి."